తాళ్లు బిగించాక బేరం

బేరంలో బలమంతా కాళ్లలో ఉంటుంది. సంతలో వంకాయల గంప ముందు నిలబడి "నలభైకిస్తే ఇవ్వు, లేకపోతే లేదు" అని నాలుగడుగులు వేస్తే వెనకనుంచి "రా అమ్మా, తీసుకుపో" అని పిలుపు వస్తుంది. రాలేదంటే ఆవిడ చెప్పిందే గిట్టుబాటు ధర. అప్పుడు మనమే ఏమీ ఎరగనట్టు మొహం పెట్టి వెనక్కి తిరుగుతాం. ఎలా తేలినా వెళ్లిపోయే వీలు కొనేవాళ్ల చేతిలోనే ఉంటుంది. రాష్ట్రం దాటి ఇల్లు మారేటప్పుడు మాత్రం ఈ వీలు చేతులు మారుతుంది. సామానంతా లారీ ఎక్కి, పైన టార్పాలిన్ కప్పి తాళ్లు బిగించారంటే, ఆపైన నడిచి వెళ్లిపోగలిగేది అవతలివాడే. అదీ మన ఇంటిని వెంటబెట్టుకుని.

ప్యాకర్స్ అండ్ మూవర్స్ మోసాల గురించి నలుగురు కూర్చుంటే మాటంతా ధర చుట్టూనే తిరుగుతుంది. ఎంత చెప్పాడు, చివరికి ఎంత పిండాడు అని. నాకు మాత్రం అందులో ధర ఉత్త ఎరేననిపిస్తుంది. తక్కువ రేటు చెప్పి ప్యాకర్సువాడు సంపాదించుకునేది తాళ్లు బిగించే ఆ ఒక్క ఘడియనే. అది చేతికొచ్చాక రేటు ఎంతైనా చెప్పొచ్చు. అందుకే "బాగా బేరమాడి కుదుర్చుకున్నాం" అని ఎవరైనా మురిసిపోతూ చెబితే నాకు గుండెల్లో రాయి పడుతుంది.

నేను బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. బ్యాంకువాళ్లకీ రైల్వేవాళ్లకీ ఇల్లు సర్దడం ఉద్యోగంతోపాటు వచ్చే విద్య. ఎనభైల్లో కర్నూలు నుంచి విశాఖపట్నానికి వేశారంటే ఏ ప్యాకర్సూ ఉండేవారు కాదు. బ్రాంచిలో కరెంటు ఖాతా ఉన్న ట్రాన్స్‌పోర్టు ఆఫీసాయన చెవిన వేస్తే "అటు సగం లోడు వెళ్తోంది సార్, వెనకాల మీ సామాను వేసుకుంటాడు" అనేవాడు. గాజు సామాను ఎండుగడ్డిలో, గిన్నెలు గోనెసంచుల్లో, బీరువా అద్దానికి అటొక పరుపు ఇటొక పరుపు. దింపేచోట హమాలీలు మామూలు కోసం గొణిగేవారు, ఒక కుర్చీ కాలు విరిగేది. అంతటితో సరి. అప్పటి మనుషులు దేవుళ్లని నేను అనను. ఆ ట్రాన్స్‌పోర్టాయన సోమవారం పొద్దున్నే డీడీ కోసం మళ్లీ మన కౌంటరు ముందుకే రావాలి, అదీ రహస్యం.

ఇప్పుడు ఆ కౌంటరు లేదు. ఏదో ఒక వెబ్‌సైటులో "హైదరాబాదు నుంచి ఫలానా ఊరికి" అని రాసి ఫోన్ నంబరు ఇచ్చామంటే టీ చల్లారేలోపు పది ఫోన్లు వస్తాయి. మన నంబరును ఆ సైటు డబ్బు తీసుకుని ఇంతమందికీ పంచుతుంది. ఫోన్ చేసిన వాళ్లలో లారీ ఉన్నవాడు ఒకడుంటే గొప్ప. మిగతావాళ్లది ఒక ఫోను, ఒక లెటర్‌హెడ్డు, ఒక రబ్బరు స్టాంపు. మన పనిని పట్టుకుని లోడు బ్రోకరుకి అప్పజెప్పడమే వాళ్ల వ్యాపారం. పేర్లు చూస్తే అన్నీ ఎక్కడో విన్నట్టే ఉంటాయి. బాగా పేరున్న కంపెనీ పేరుకి ముందొక "శ్రీ", వెనకొక "ఇండియా" తగిలిస్తే కొత్త కంపెనీ పుట్టినట్టే. అగర్వాల్ ప్యాకర్స్ అండ్ మూవర్స్ పేరు మీద హక్కులున్న డీఆర్‌ఎస్ లాజిస్టిక్స్ ఈ బెడద మీద గూగుల్‌నే కోర్టుకి లాగింది. తమ పేరు కొట్టి వెతికితే వేరేవాళ్ల ప్రకటనలు పైన వస్తున్నాయని గొడవ. ట్రేడ్‌మార్కును ప్రకటనల కోసం కీవర్డుగా వాడటం కూడా ఆ మార్కును వాడటమేననీ, ఉల్లంఘన ఉన్నచోట గూగుల్ "నాకేం సంబంధం" అని తప్పుకోలేదనీ 2023 ఆగస్టులో ఢిల్లీ హైకోర్టు డివిజన్ బెంచి చెప్పింది. అంత పెద్ద సంస్థకే తన పేరు కాపాడుకోవడానికి హైకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చిందంటే, సెల్‌ఫోనులో పైన కనిపించిన పేరు చూసి నమ్మే మనమెంత?

బ్యాంకువాణ్ణి కాబట్టి ఇంకో సంగతి చెప్పకపోతే దాచినట్టవుతుంది. చాలా లెటర్‌హెడ్ల మీద "ఐబీఏ అప్రూవ్డ్" అని ఉంటుంది. ఇండియన్ బ్యాంక్స్ అసోసియేషన్ సిఫారసు చేసే ట్రాన్స్‌పోర్టర్ల జాబితా అన్నది నిజంగానే ఉంది. లారీ రసీదుల మీద వ్యాపారులకు అప్పులిచ్చేటప్పుడు ఆ రసీదు ఇచ్చినవాడు నిఖార్సైనవాడా కాదా అని బ్యాంకులు చూసుకోవడానికి పెట్టుకున్న ఏర్పాటు అది. మన వంటింటి సామాను పగలకుండా చేరుతుందన్న హామీ అందులో ఎక్కడా లేదు. అయినా ఆ మాటకి గిరాకీ ఎందుకంటే, చాలాచోట్ల ట్రాన్స్‌ఫర్ బిల్లు పెట్టుకోవడానికి అలాంటి రసీదు కావాలి. అక్కడినుంచి ఇంకో వ్యాపారం మొదలైంది. సామాను ఒకడు చవగ్గా తీసుకెళ్తాడు, బిల్లు ఇంకొకడు ఘనంగా రాసిస్తాడు. ప్రభుత్వోద్యోగుల్లో, బ్యాంకుల్లో, కంపెనీల్లో ఇది ఎరగనివాళ్లు తక్కువ. దొంగబిల్లు రాసే చెయ్యి మన దగ్గరికొచ్చేసరికి చెప్పిన మాట మీద నిలబడుతుందని ఎలా అనుకుంటారో నాకు అర్థం కాదు.

మా మేనల్లుడికి గురుగ్రామ్‌లో ఉద్యోగం వచ్చి మణికొండలో ఇల్లు ఖాళీ చేసినప్పుడు మూడు కొటేషన్లు తెచ్చాడు. ఒకటి 54,000, ఇంకొకటి 49,000, మూడోది 26,500. మొదటి ఇద్దరూ మనిషిని పంపి బీరువాలు, మంచాలు, అటక మీద డబ్బాలతో సహా చూసి రాసుకెళ్లారు. మూడోవాడు ఫోన్లోనే "టూ బీహెచ్‌కే కదా సార్, రోజూ వేస్తాం, మీరు టెన్షన్ పడకండి" అన్నాడు. నేను కాగితం తీసుకుని లెక్క వేశాను. హైదరాబాదు నుంచి గురుగ్రామ్‌కి నాగపూర్, ఝాన్సీ, గ్వాలియర్, ఆగ్రా మీదుగా దాదాపు 1,550 కిలోమీటర్లు. ఇంటి సామానుకి వాడే మధ్యరకం లారీ లీటరుకి ఎనిమిది కిలోమీటర్లు ఇచ్చిందనుకున్నా 190 లీటర్ల పైనే డీజిల్. లీటరు 90 చొప్పున చూసినా 17,000 దాటిపోయింది. టోల్ ఖర్చు వేలల్లో ఉంటుంది. డ్రైవరు బత్తా, అట్టపెట్టెలు, బబుల్ షీటు, ఇక్కడ ఎక్కించే నలుగురి కూలి, అక్కడ దింపే నలుగురి కూలి. బండి కిస్తీ సంగతి ఇంకా ఎత్తలేదు. 26,500లో ఇదంతా ఎక్కడ ఇముడుతుంది?

ఇమిడే దారులు లేకపోలేదు. అటునుంచి సరుకు తెచ్చిన లారీ ఖాళీగా వెనక్కి వెళ్లేబదులు రిటర్న్ లోడు కింద తక్కువకి వేసుకుంటుంది. లేదా మన సామానూ ఇంకో ఇద్దరి సామానూ ఒకే బండిలో వేసి పార్ట్ లోడుగా పంపుతారు, మధ్యలో ఏదో గోడౌనులో దింపి బండి మారుస్తారు, పది పదిహేను రోజులు పడుతుంది. ముందే చెప్పి చేస్తే ఇందులో తప్పేమీ లేదు, చవకకి కారణం ఉంది. కారణం చెప్పలేని చవక అయితే మిగతా డబ్బు దారిలో వసూలు చేసుకుంటాడన్నమాట. మావాడికి ఇదంతా చెప్పాను. "మామయ్యా, కంపెనీవాళ్లు రీలొకేషన్‌కి ఇచ్చేది 30,000. నువ్వు మరీ అనుమానం మనిషివి" అన్నాడు. వాడి చేతిలో డబ్బు లేదు, నా చేతిలో రుజువు లేదు. 8,000 అడ్వాన్సు వెళ్లిపోయింది.

ప్యాకింగ్ రోజు నేనూ వెళ్లాను. అయిదుగురు కుర్రాళ్లు, ఎవరూ ఇరవై దాటినట్టు లేరు. మూడో అంతస్తు నుంచి వాషింగ్ మెషీన్‌ని నవారు పట్టీతో వీపుకి కట్టుకుని ఒక్కడే దింపాడు, కాలు ఎక్కడా తడబడలేదు. ఈ వ్యాపారంలో నేర్పున్నది వాళ్లకే, డబ్బు దక్కనిదీ వాళ్లకే. చేతిలో ప్యాడ్ పట్టుకున్న సూపర్‌వైజరు మాత్రం ఒక మూల కూర్చుని కార్బన్ పెట్టి ప్యాకింగ్ లిస్టు రాస్తున్నాడు. మేనల్లుడి భార్య, అంటే మా కోడలు, వెనకనుంచి తొంగి చూసింది. ప్రతి వస్తువు పక్కనా ఒకే మాట: "పాతది, గీతలున్నాయి." ఆ దసరాకి కొన్న ఫ్రిజ్ ఎదురుగా కూడా అదే.

"ఫ్రిజ్ మీద గీత ఎక్కడుంది, చూపించండి" అందామె.

"అది మా ఫార్మాట్ మేడమ్, అందరికీ అలాగే రాస్తాం."

"మీ ఫార్మాట్ మీ ఫ్రిజ్‌కి రాసుకోండి. ఇది కొట్టేసి కొత్తది అని రాసి సంతకం పెట్టండి."

పెట్టాడు. తర్వాత ఆవిడ ఒక్కో గదిలో వస్తువులన్నీ వీడియో తీసింది, కిందికి దిగి లారీ నంబరు ప్లేటు ఫోటో తీసింది, డ్రైవరుకి టీ ఇచ్చి అతని ఫోన్ నంబరు రాసుకుంది. అల్వార్ దగ్గరి కుర్రాడు, ఫ్యాక్టరీ సరుకేదో దింపి ఇంటివైపు వెళ్లే లోడు కోసం చూస్తున్నాడట. నేను రసీదు చదివాను. 26,500లో కిరాయి అన్నచోట 6,000 మాత్రమే వేసి, మిగతాదంతా ప్యాకింగ్, లోడింగ్, ఇతరాలు అని చీల్చాడు. చూడటానికి అమాయకంగా ఉంటుందిగానీ ఇందులో కిటుకు ఉంది. రోడ్డు మీద సరుకు మోసేవాళ్లకి 2007లో క్యారేజ్ బై రోడ్ చట్టం వచ్చింది, 2011 నుంచి అమల్లో ఉంది. బుకింగ్ ఏజెంటూ, బ్రోకరూ కూడా ఆ చట్టం కిందికే వస్తారు, రవాణా శాఖ దగ్గర రిజిస్ట్రేషను ఉండాలి. ఎక్కువ రిస్కు రేటు కట్టి విడిగా ఒప్పందం రాసుకుంటే తప్ప, సామాను పోయినా పాడైనా ఆ చట్టం కింద వాళ్ల బాధ్యత కిరాయికి పది రెట్లకి మించదు. కిరాయి 6,000 అని రాస్తే ఇల్లంతా పోయినా 60,000. మంచాలూ టీవీ కూడా రావు.

ఇన్సూరెన్స్ అన్నది ఇంకో సరదా. "నాలుగు లక్షల సామానుకి మూడు శాతం, 12,000 కట్టండి" అన్నాడు. పాలసీ ఏ బీమా కంపెనీది, నంబరు ఏది అని అడిగితే "మా కంపెనీ ఇన్సూరెన్సే సార్" అని రసీదు మీద ఠప్పుమని స్టాంపు గుద్దబోయాడు. బీమా చెయ్యడానికి లైసెన్సున్న బీమా కంపెనీ ఉండాలి, దాని కాగితం మన చేతికి రావాలి. వీళ్లు అడిగేదాన్ని వాళ్ల భాషలో ఎఫ్ఓవీ అంటారు, సరుకు విలువ మీద వేసే చార్జీ. పోతే ఇస్తానని వాడు నోటితో చెప్పే మాటకి మనం కట్టే రుసుము. అది కట్టలేదు, నగలూ సర్టిఫికెట్లూ లాప్‌టాప్‌లూ మాత్రం విమానంలో వాళ్లతోనే వెళ్లాయి.

అయిదో రోజు ఫోన్ వచ్చింది, ఊహించినట్టే. సామాను ఎక్కువైందట, పద్నాలుగు అడుగుల బండి అనుకుంటే పదిహేడు అడుగులది పెట్టాల్సి వచ్చిందట. పైగా ఈ-వే బిల్లు, రాష్ట్రాల ఎంట్రీ ట్యాక్సు, 18 శాతం జీఎస్టీ. మొత్తం 58,000. కట్టకపోతే సామాను గోడౌనులో దింపుతారు, రోజుకి 1,000 అద్దె.

ఒక్కో మాటా విప్పి చూస్తే గాలే. పదిహేడు అడుగుల బండి మొదటి నుంచీ గుమ్మంలో ఉన్నదే, ప్యాకింగ్ రోజే తీసిన ఫోటో ఉంది. వాడిన ఇంటి సామానుకి ఈ-వే బిల్లు అక్కర్లేదని జీఎస్టీ నిబంధనల్లోనే మినహాయింపు ఉంది. ఎంట్రీ ట్యాక్సులూ ఆక్ట్రాయిలూ 2017 జులై 1న జీఎస్టీలో కలిసిపోయాయి. జీఎస్టీ వసూలు చేసేవాడు నంబరున్న ట్యాక్స్ ఇన్‌వాయిస్ ఇవ్వాలి. ఆ నంబరుకి పదిహేను అక్షరాలుంటాయి. మొదటి రెండంకెలూ రాష్ట్రానివి, తెలంగాణకి 36, ఆంధ్రప్రదేశ్‌కి 37. ఆపైన పది పాన్ నంబరు. జీఎస్టీ పోర్టల్లో కొడితే అది ఎవరి పేరు మీద ఉందో, బతికుందో రద్దయిందో అక్కడికక్కడే చెబుతుంది. వీడి లెటర్‌హెడ్డు మీది నంబరు 27తో మొదలైంది, అంటే మహారాష్ట్ర. కొట్టి చూస్తే రద్దయిన ఖాతా. అయిదు నిమిషాల ఈ పని అడ్వాన్సు ఇవ్వకముందు చెయ్యాల్సింది. ఇప్పుడు తెలిసి మావాడికి ఒంటికి కారం రాసుకున్నట్టయింది తప్ప సామాను రాలేదు.

ఎందుకంటే వాళ్ల బలం ఆ అబద్ధాల్లో లేదు. అవి అబద్ధాలని మనకు తెలుసని వాళ్లకీ తెలుసు. బలమంతా మన తొందరలో ఉంది. మావాడి గొంతులో అదే వినిపించింది. "మామయ్యా, సోమవారం నుంచి పాపకి స్కూలు. బట్టలు లేవు, స్టవ్ లేదు, నేల మీద పడుకుంటున్నాం. కట్టేద్దామా?" కోపం వచ్చి కేసు గురించి మాట్లాడబోయాను గానీ, అప్పుడు వాళ్లకి కావాల్సింది కేసు కాదు. "ముందు వెళ్లి రెండు పరుపులు, ఒక ఇండక్షన్ స్టవ్, కుక్కరు, పాపకి రెండు జతల బట్టలు కొనుక్కురా. ఒక వారం ఆగగలిగేలా చూసుకో. తర్వాత మాట్లాడదాం" అన్నాను. ఏడున్నర వేలైంది. డబ్బు దండగలా అనిపించింది వాడికి. నా లెక్కలో, పోయిన కాళ్లు తిరిగి కొనుక్కోవడానికి అయిన ఖర్చు అది. ఎవరైనా దూరం మారుతుంటే ఇప్పుడు నేను ఇచ్చే సలహా ఇదొక్కటే: పదిరోజులు ఆ లారీ రాకపోయినా ఇల్లు నడిచేంత సామాను మనతోనే ఉండాలి. మిగతా జాగ్రత్తలన్నీ దీని తర్వాతే.

తొందర తగ్గగానే మాట తీరు మారింది. మావాడు ఫోన్లో వాదించడం మానేశాడు. వాళ్లు ఎన్నిసార్లు చేసినా "వాట్సాప్‌లో రాయండి" అన్నాడు. తిట్లు నోటితో సులువు, రాతలో కష్టం. తను రాసినదీ నాలుగు ముక్కలే: ఒప్పుకున్నది ఇంత, అడ్వాన్సు ఇంత, మిగతాది సామాను దింపగానే ఇస్తాను, అదనంగా అడిగేదానికి ట్యాక్స్ ఇన్‌వాయిస్ పంపండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను 1915కి ఫిర్యాదు చేసి ఆ నంబరు కూడా జతచేశాడు. పోలీస్ స్టేషనుకి వెళ్తే అక్కడ "ఇది మీ ఇద్దరి మధ్య డబ్బు తగాదా, హైదరాబాదులో బుక్ చేశారు కదా, అక్కడ ఇవ్వండి" అన్నారు. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషనులోనైనా సమాచారం తీసుకోవాలని కొత్త నాగరిక సురక్షా సంహితలో ఉంది. రవాణా కోసం అప్పజెప్పిన సొత్తును కాజేస్తే భారతీయ న్యాయ సంహిత 316లో ఏడేళ్ల వరకు శిక్ష ఉంది. ఈ రెండూ కాగితం మీద రాసి తీసుకెళ్లాక కానిస్టేబులు కుర్చీ చూపించాడు. కేసు కట్టలేదు, ఏజెంటుకి ఒక ఫోన్ మాత్రం చేశాడు. అదైనా మేలే.

అసలు మలుపు అల్వార్ కుర్రాడి దగ్గర వచ్చింది. మా కోడలే ఫోన్ చేసింది. లారీ మానేసర్ దగ్గర ఒక ట్రాన్స్‌పోర్టు యార్డులో నిలబడి ఉంది, గోడౌనూ లేదు గీడౌనూ లేదు. అతని కిరాయి 36,000కి కుదిరింది, చేతికిచ్చింది 6,000. "మిగతాది పార్టీ ఇస్తుంది, నేను చెప్పేదాకా దింపకు" అన్నాడట ఏజెంటు. మా దగ్గర మొత్తం పనికి ఒప్పుకున్నది 26,500, లారీకి ఒప్పుకున్నది 36,000! అంటే మాట ఇచ్చిన రోజే లెక్క తప్పింది, ఆ తేడా ఎవరో ఒకరి మెడకి తగిలించాలనే బండి కదిలింది. డ్రైవరు మనకి శత్రువులా కనిపిస్తాడుగానీ అతనూ మనలాగే చిక్కుకున్నవాడు. అతని చేతిలో మన సామాను తాకట్టు లాంటిది, అది వదిలితే అతని డీజిల్ డబ్బు కూడా పోతుంది.

రెండు రోజులు లాగాక ఏజెంటు "సరే, డ్రైవరుకి ఇచ్చుకోండి, నా ప్రాణం తియ్యకండి" అని రాశాడు. ఆ ఒక్క వాక్యం కోసమే ఆగాం. డ్రైవరుకి 30,000 యూపీఐలో పంపి, ఒప్పుకున్నదానికి మించిన డబ్బు అభ్యంతరంతోనే కట్టామని ఏజెంటుకి మెసేజి పెట్టారు. దింపేటప్పుడు కూడా మా కోడలు పెట్టెలు విప్పించి, వాషింగ్ మెషీన్ డ్రమ్ము కొట్టుకుంటోందని రసీదు మీద రాశాకే సంతకం పెట్టింది. అడ్వాన్సుతో కలిపి 38,000, పరుపులూ స్టవ్వూ 7,500, మెషీన్ రిపేరు 3,500. కూడి చూసుకుంటే ఇల్లంతా చూసి 49,000 అన్న ఆ పెద్దమనిషి దగ్గరికే వచ్చి ఆగింది. ఆయన పేరు ఇప్పుడు మావాడికి గుర్తు లేదు.

ఈ గొడవ మన దేశపు సొత్తేనని అనుకునేవాణ్ణి. నాతో పనిచేసిన ఒకాయన కూతురు న్యూజెర్సీ నుంచి డాలస్‌కి మారినప్పుడు అచ్చంగా ఇదే కథ విన్నాను. అక్కడా ఫోన్లో మాట్లాడేది బ్రోకరు, వచ్చేది వేరే లారీ, ఇల్లు బండెక్కాక రేటు రెట్టింపు. కాకపోతే రాష్ట్రాలు దాటే ఇంటి సామాను మీద అక్కడి కేంద్ర రవాణా శాఖలో ఎఫ్ఎమ్‌సీఎస్ఏ అని ఒక విభాగం ఉంది. అది ఒక గీత గీసింది. అంచనా ఖాయం కానిదైతే, దింపేరోజు ఆ అంచనాకి 110 శాతం కడితే చాలు, సామాను వదలాల్సిందే. మిగతాది ఏమైనా ఉంటే తర్వాత బిల్లు పంపుకోవాలి. ఖాయపు అంచనా అయితే ఆ 100 శాతమే. ప్రతి కంపెనీకీ యూఎస్‌డాట్ నంబరు ఉంటుంది, దాని చరిత్ర ఎవరైనా చూడొచ్చు. ఆ అమ్మాయి ఫోన్లో 110 శాతం అని నియమం పేరెత్తగానే రెట్టింపు అన్నవాడు దిగొచ్చాడట. అంత మాత్రాన అక్కడ స్వర్గమని కాదు. విడిగా పూర్తి విలువ రక్షణ తీసుకోకుండా ఉచితంగా వచ్చేదానికి ఒప్పుకుంటే, పోయిన వస్తువుకి పౌనుకి 60 సెంట్లు ఇస్తారు. యాభై పౌన్ల టీవీ పగిలితే 30 డాలర్లు! తూకానికి అమ్మే పాత ఇనుము లెక్క. అయినా ఆ గీత విలువ గీతదే. మన చట్టంలో రిజిస్ట్రేషనుంది, రసీదుంది, పదిరెట్ల లెక్కుంది. అంచనాకీ చివరి బిల్లుకీ మధ్య ఇంతకు మించి దూరం ఉండకూడదన్న ముక్క లేదు. ఆ ఒక్క ముక్క రాస్తే తాళ్లు బిగించాక జరిగే బేరం సగం చస్తుంది.

అంతవరకూ మన గీత మనమే గీసుకోవాలి. కొటేషన్ కాగితం మీద "ఇల్లు చూశాం, ఈ జాబితాకి ఇదే మొత్తం, మెట్లూ దింపడమూ జీఎస్టీ అన్నీ కలిపి" అని ఒక వాక్యం రాయించడానికి ఒప్పుకోనివాణ్ణి గుమ్మం దగ్గరే వదులుకోవడం మంచిది. కంపెనీ పేరు మీద బ్యాంకు ఖాతా లేక, ఎవరో మనిషి యూపీఐకి అడ్వాన్సు వెయ్యమన్నా అంతే. డబ్బులో పెద్దభాగం దింపాక ఇచ్చేలా ఉండాలి. ఇవన్నీ అడిగితే నసమనిషి అంటారు, అనుకోనివ్వండి. చేరాక ఏదైనా పగిలినా పోయినా, బుక్ చేసిన రోజు నుంచి 180 రోజుల్లోగా రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలని ఆ 2007 చట్టమే చెబుతోంది. దాని ఊసు ఎవరూ ఎత్తరు, మెల్లిగా గడువు దాటిపోతుంది. మావాడు మూడో వారంలోనే పంపాడు.

తర్వాత వినియోగదారుల కమిషన్‌లో కేసు కూడా వేశాడు. 2019 చట్టం పుణ్యమా అని ఉన్న ఊళ్లోనే వెయ్యొచ్చు, అయిదు లక్షల లోపు అయితే ఫీజు లేదు, ఆన్‌లైన్లో దాఖలు చెయ్యొచ్చు. హైదరాబాదు చిరునామాకి వెళ్లిన నోటీసు "ఈ పేరుతో ఎవరూ లేరు" అని తిరిగొచ్చింది. ఏజెంటు కూర్చునే అసలు ఆఫీసు ఎక్కడో చెప్పి, దాని లొకేషను వాట్సాప్‌లో పంపింది అల్వార్ కుర్రాడే. ఆటోనగర్ వెనకాల, ఒక టైర్ల కొట్టు మేడ మీద. వేరే ట్రిప్పు తాలూకు కిరాయి బాకీ 11,000 అక్కడ తనకీ రావాలట, మీ కేసులో నా పేరు కూడా రాయొచ్చా అని అడిగాడు.